అర్జునుడి కుడిచెయ్యి

మా మామ గంగాధరం జన్మలో అబద్ధం ఆడలేదంటాడు. నిజమే, ఆడలేదు. వేషం మాత్రం కట్టాడు. రెండూ ఒకటేగా అని నేనంటే ఆయనకు కోపం. "నువ్వు రవికలు కుట్టుకునేదానివి, నీకేం తెలుసులే" అంటాడు. తిరుపతి బైరాగిపట్టెడలో నాకో కుట్టుమిషను, చిన్న కొట్టు ఉన్నాయి. మనుషుల భుజాలు కొలిచి బతికేదాన్ని. ఏ భుజం ఎత్తో ఏది పల్లమో టేపు పెట్టకుండానే చెప్పగలను. అలాంటి నన్నే ఆయన బోల్తా కొట్టించాడు.

మాది నగరి నుంచి లోపలికి పోయే దారిలో, ముక్కుకొండ కనబడేంత దూరంలో ఉన్న పల్లె. ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఒక సాయంత్రం అర్జునుడి తపస్సు. ఊరిబయట నున్నగా చెక్కిన పొడుగాటి మాను పాతి, దానికి మెట్లు కొడతారు. తపసుమాను అంటాం. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం కైలాసం ఎక్కుతున్నాడన్నమాట. మెట్టుకో పద్యం పాడుకుంటూ కొసదాకా పోయి, అక్కణ్ణించి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకుని నిలబడతారు.

కరువుల్లో మా ఊరి భారతం ఆగిపోయి, మామ పుట్టాక చాలా ఏళ్ళకు మళ్ళీ మొదలైంది. అప్పటికి పాత అర్జునుడు బతికి లేడు. గొంతు బాగుందని, మాను ఎక్కడానికి భయపడడని, మీసం సరిగా రాని మామను పట్టుకొచ్చి వేషం కట్టించారు. అప్పటినుంచీ ఆయనే. ఏడాదంతా మామిడితోట, రెండు ఆవులు, వడగళ్ళ భయం. భారతం వచ్చిందంటే మాత్రం ఊళ్ళో ఎవరికీ ఆయన గంగాధరం కాదు. "ఏమయ్యా అర్జునా, ఆవులకు నీళ్ళు పెట్టినావా" అని మా సిద్ధమ్మత్త ఎగతాళి చేసేది. ఆయన ఆ మాటకు లోలోపల మురిసిపోయేవాడు.

పోయిన వానాకాలం తోటలో మోటారు ఆపబోయి, అక్కడే కూలబడ్డాడు. పక్షవాతం. మాట తిరిగొచ్చింది. కాలు కాస్త ఈడ్చుకుంటూ అయినా వచ్చింది. కుడిచెయ్యి రాలేదు.

ఇక మాను ఎక్కేది లేదని ఆయనకూ తెలుసు. దానికి ఏడవలేదు. పాలవ్యాను తోలే బాలచంద్రను తానే పిలిపించి పద్యాలన్నీ నేర్పాడు. పెళ్ళాం నెలలు నిండుతుండగా కూడా వ్యాను దిగి వచ్చి కూర్చుని నేర్చుకున్నాడు వాడు. తంటా అంతా కంకణం దగ్గర వచ్చింది. మా ఊళ్ళో అర్జునుడు మారితే, మాను ఎక్కబోయే ముందు పాతవాడు కొత్తవాడి మణికట్టుకు పసుపుకొమ్ము దారం తన రెండు చేతులతో కట్టి ముడి వెయ్యాలి. పాతవాడు కాలం చేసి ఉంటేనే పూజారి కడతాడు. మామకు కట్టింది పూజారే. ఇప్పుడూ అట్లాగే కానిద్దామని ఊరి పెద్దలు అన్నారు. చెడ్డ మనసుతో అనలేదు పాపం. కానీ పూజారి కట్టాడంటే ఊరంతా చూస్తుండగా మామ చచ్చినవాళ్ళలో చేరినట్టే.

"అర్జునుడు సవ్యసాచి గదప్పా, ఎడంచేత్తో కట్టేయ్" అన్నాడు పెద్దమనిషి బాలసుబ్రమణ్యం, నవ్వించాలని.

"సవ్యసాచంటే రెండు చేతులూ ఆడేవోడు. ఒకటి సచ్చినోడు కాదు" అన్నాడు మామ. నవ్వలేదు.

అలా తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. చేతులకు యంత్రంతో కసరత్తు చేయించే చోటు ఒకటుందని ఎవరో చెప్పారు. అక్కడ వంతు రావడానికి కొంత కాలం పట్టింది. ఈలోపల మా ఇంట్లోనే ఆయన చెయ్యి బాగుపడుతూ వచ్చింది. అట్లా అని మేమనుకున్నాం. పొద్దున కాఫీ గ్లాసు వైపు కుడిచెయ్యి చాచేవాడు. గోడ మీది స్విచ్చు దాకా పోయేది ఆ చెయ్యి. భుజమ్మీది తువ్వాలు అందుకునేది. "సూడు కోమలీ, వస్తా ఉండాది" అనేవాడు. నేను సిద్ధమ్మత్తకు ఫోను చేసి, చెయ్యి వచ్చేసిందత్తా, మొక్కు తీర్చుకో అని చెప్పాను. ఆమె అలిపిరి మెట్లెక్కి వస్తానని మొక్కుకుని ఉంది. ఆ ఆనందంలో ఆవిడ ఫోనులోనే ఏడ్చింది.

వంతు వచ్చింది. చల్లటి గది. కిటికీకి తెల్లటి తెర, దాని మీద ఎండ ఊగుతూ ఉంది. మధ్యలో కుర్చీ, కుర్చీ పక్కన ఒక ఇనపచెయ్యి. మామ చేతిని మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా మెత్తటి పట్టీలతో ఆ ఇనపచేతికి కట్టారు. ఎదురుగా టీవీ, దానిపైన చిన్న కెమెరా. టీవీలో మామిడిచెట్టు. చెయ్యి చాచి కాయ కోసి బుట్టలో వెయ్యాలి. చెయ్యి కదలాలని చూస్తే యంత్రం కనిపెట్టి తోడు వస్తుంది. మనిషి ఎంత చేస్తే అంత విడిచిపెట్టి, మిగిలింది తను చేస్తుంది.

కసరత్తు చేయించే అమ్మాయి పేరు భానుప్రియ. గూడూరు పిల్ల. "అంకుల్, రెడీనా?" అంది.

"అర్జునుడికి అంకులేమ్మా" అన్నాడు మామ. తర్వాత టీవీని తేరిపార చూసి, "ఈ కాయ ఇంకా పక్వానికి రాలా. ఇప్పుడే కోసేదా?" అన్నాడు.

కోశాడు. ఒకటి తర్వాత ఒకటి అన్నీ బుట్టలో పడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. మామ నా వైపు చూసి తల పంకించాడు, వీధినాటకంలో పద్యం బాగా వచ్చినప్పుడు పంకించినట్టే. భానుప్రియ మాత్రం చప్పట్లు కొట్టలేదు. టీవీలో చెట్టు తీసేసి ఇంకో బొమ్మ పెట్టింది. నల్లటి ఖాళీలో కొన్ని చుక్కలు, వాటిని కలుపుతూ గీతలు. తల ఒక చుక్క, రొమ్ము ఒక చుక్క, భుజాలు, మోచెయ్యి, మణికట్టు. ఇంతసేపూ కెమెరా చూసింది అదే. మామే ఆ బొమ్మ. చర్మమూ బట్టలూ మీసమూ ఏమీ లేని మామ.

బొమ్మ కదిలింది. చెయ్యి చాచాల్సిన ప్రతిసారీ రొమ్ము చుక్క ముందుకు దూకి ఎర్రబడుతోంది. భుజం పైకి లేస్తోంది. నడుము పక్కకు ఒరుగుతోంది. మోచెయ్యి మాత్రం ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉంది.

"చెయ్యి కాయ దగ్గరికి పోలేదు అంకుల్" అంది భానుప్రియ మెల్లగా. "మీరు చేతిని మోసుకుని పోయారు. చాలామంది కొంచెం ఒంగుతారు. కానీ ఇంత అందంగా ఎవరూ చెయ్యలేదు. కెమెరా లేకపోతే నాకూ తెలిసేది కాదు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఊళ్ళకు ఊళ్ళను నమ్మించిన మనిషిని ఆ అరచేతంత కెమెరా పట్టేసింది. నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. వీధినాటకంలో వేషగాడి భుజాలకు అద్దాలు పొదిగిన కొయ్య భుజకీర్తులు కడతారు. అవి పెట్టుకుంటే చెయ్యి మామూలుగా లేవదు. లేచినా దూరంగా కూర్చున్నవాళ్ళకు కనబడదు. అందుకని విల్లు ఎక్కుపెట్టడం, బాణం వెయ్యడం అన్నీ నడుముతో, రొమ్ముతో, మెడతో చెయ్యాలి. చూసేవాడు చెయ్యి లేచిందనే అనుకుంటాడు. అదే విద్య. చెయ్యి పడిపోగానే ఒళ్ళు తనకు తెలిసిన విద్య తను పట్టుకుంది. కాఫీ గ్లాసు దగ్గర, స్విచ్చు దగ్గర, తువ్వాలు దగ్గర మేం చూసిందంతా వేషమే.

మామ ఆ చుక్కల బొమ్మను మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు. చివరికి, "నేను దొంగాట ఆడలేదమ్మా. నిజంగా సెయ్యే పోతాందనుకున్నా" అన్నాడు. సిద్ధమ్మత్తకు ఇప్పుడు ఏం చెప్పాలి?

ఆ సాయంత్రం మా మిద్దె మీద కూర్చున్నాం. తిరుమల కొండ నీలంగా ఉంది. మెట్లదారి దీపాలు అప్పుడే ఒక్కొక్కటిగా పైకి పాకుతున్నాయి. మామ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "నిన్న మధ్యాన్నం కునుకు పట్టినప్పుడు కలొచ్చింది కోమలీ. నా సెయ్యి నగరి బస్టాండులో కూసోని ఉండాది. ఒక్కటే. సంచి కూడా లేదు. ఏ బస్సు ఎక్కల్లో తెలీక అట్లే సూస్తా ఉండాది. పిలిస్తే తిరిగి సూడలా."

"సరిహద్దు ఊరు కదా, తమిళం బస్సు ఎక్కేస్తుందేమో, జాగ్రత్త" అన్నాను. నవ్విద్దామనే అన్నాను. ఆయన నవ్వాడు కూడా.

మర్నాటి నుంచి భానుప్రియ ఆయన రొమ్మును వెడల్పాటి పట్టీతో కుర్చీకి కట్టేసింది. ఇక ఒళ్ళు ఆడదు. చెయ్యి ఒక్కటే ఆడాలి. ఆడలేదు. టీవీలో మామిడికాయ అలాగే వేలాడుతూ ఉంది. యంత్రం కాసేపు చూసి, పాపం పోనీలే అన్నట్టు చేతిని తనే తీసుకుపోయింది. అయ్యాక భానుప్రియ రెండు గీతలు చూపించింది. చెయ్యి పోయిన దారిలో యంత్రం చేసిందంతా పచ్చగా, మామ చేసింది నీలంగా ఉంటుంది. అంతా పచ్చగానే ఉంది. మొదట్లో నలుసంత నీలం.

"నాది ఇంతేనా?" అన్నాడు మామ.

"ఇంతే. కానీ ఇది మీదే" అంది భానుప్రియ.

నాకైతే ఒళ్ళు మండింది. కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, అంత యంత్రం పెట్టి ఈ నలుసు చూపించడానికా! మామ మాత్రం ఆ నీలం నలుసును బిడ్డ ముఖం చూసినట్టు చూశాడు.

తర్వాత రోజులన్నీ నాకు ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. తెర మీద ఎండ ఊగుతూ ఉండేది. యంత్రం సన్నగా మూలిగేది. మామ కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోయాడేమోనని చూస్తే పెదాలు కదులుతూ ఉండేవి, పద్యమో పలకరింపో తెలిసేది కాదు. చిన్నప్పుడు బావిలో ఈత నేర్పేటప్పుడు వాళ్ళ నాయన కడుపు కింద చెయ్యి పెట్టేవాడట. ఈదుతున్నావురా అంటూనే, చెప్పకుండా చెయ్యి తీసేసేవాడట. యంత్రం కూడా అట్లాగే ఉందన్నాడు. భానుప్రియ నా వైపు చూసి కన్నుగీటింది. ఆమె అప్పటికే యంత్రం సాయం చెప్పకుండా తగ్గించేసింది. నీలం గీత ఆ రోజు మోచెయ్యంత పొడుగు వచ్చింది.

ఇంటికి వచ్చాక సిద్ధమ్మత్త ఫోను చేస్తే మామే మాట్లాడేవాడు. ముందు చెప్పింది నిజం కాదని తనే చెప్పుకున్నాడు. అప్పటినుంచి ఆవిడ, చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందని మాత్రం అడిగేది. "పుత్తూరు దాటినాది" అనేవాడు, ఆ చెయ్యి నగరిలో బస్సెక్కి తిరుపతికి వస్తున్నట్టు. ఇంకోరోజు "వడమాలపేటలో దిగి టీ తాగతా ఉండాది, తొందర పెట్టొద్దు" అనేవాడు. వాళ్ళిద్దరూ నవ్వుకునేవాళ్ళు. పక్కన మిషను తొక్కుతున్న నాకు కళ్ళు మసకలయ్యేవి.

భారతం దగ్గర పడింది. మోచెయ్యి సాగుతోంది, వేళ్ళు ముడుస్తున్నాయి. కానీ ముడి వెయ్యడమంటే వేళ్ళ పని. రీలు దారం తీసి నా మణికట్టు మీదే సాధన చేశాడు. దారం చుట్టూ తిప్పేవాడు. కొస పట్టి లాగబోతే జారిపోయేది. భానుప్రియను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. "వేళ్ళకు ఇంకా టైం పడుతుంది అంకుల్. ఆరోజుకు వస్తుందని నేను మాట ఇవ్వలేను."

ఇంటికి వస్తూ ఆటోలో నేనే అన్నాను. "ఒక పని చెయ్ మామా. ఎడంచేత్తో ముడి వేసెయ్. కుడిచెయ్యి దాని మీద ఉంచి, ఒళ్ళు ఆడించు. నీకు తెలీని విద్యా? ఎవడు కనిపెడతాడు?"

"ఎవురూ కనిపెట్టరు" అన్నాడు మామ.

తపస్సు రోజు సాయంత్రం ఊరంతా మాను చుట్టూ ఉంది. ఎండ మెత్తబడి, మామిడితోటల మీంచి గాలి వస్తోంది. బాలచంద్ర కాషాయం కట్టి, జటలు పెట్టుకుని మాను ముందు నిలబడ్డాడు. పొద్దుటినుంచి ఉపవాసమేమో, మొహం వాడిపోయి ఇంకా చిన్నగా కనబడ్డాడు. మద్దెల మోగుతోంది. పూజారి పళ్ళెంలో దారం పట్టుకుని మామ పక్కకు వచ్చాడు. ఎందుకైనా మంచిదని పక్కనే నిలబడ్డాడు.

మామ దారం తీసుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి వీపును తపసుమానుకు ఆనించుకున్నాడు. రొమ్ము కదలకుండా గట్టిగా ఆనించుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఈయన వేషం కట్టబోవడం లేదని.

కుడిచెయ్యి లేచింది. ఎంత నెమ్మదిగా లేచిందంటే, మద్దెలవాడు వాయించడం మరిచిపోయాడు. చూడ్డానికి ఏమీ అందంగా లేదు. వణుకుతూ, ఆగుతూ, దారి మరిచినట్టు పక్కకు పోయి మళ్ళీ వస్తూ ఉంది. బాలచంద్ర చూడలేక తన మణికట్టును ముందుకు తెచ్చాడు.

"దగ్గరికి తేవద్దురా. ఉన్నసోటే పెట్టు. నేనే వస్తా" అన్నాడు మామ.

దారం మణికట్టు చుట్టూ తిరిగింది. కొస జారిపోయింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ జారింది. చంటిబిడ్డ ఒకటి ఏడిస్తే తల్లి దాని నోరు మూసింది. ఒంగు మామా, కాస్త ఒంగు, ఎవరూ చూడరు అని నేను లోపల మొరపెట్టుకుంటున్నాను. దారం నేలమీద పడింది. సిద్ధమ్మత్త వచ్చి తీసి ఆయన చేతికిచ్చి వెనక్కి పోయింది.

బాలసుబ్రమణ్యం గొంతు సవరించుకున్నాడు. "గంగాధరం, నీ మనసు మాకు తెలుసప్పా. పొద్దు పోతా ఉండాది. పూజారి కట్టేస్తాడులే."

"పూజారి వద్దన్నా" అన్నాడు మామ. చెమట కళ్ళల్లోకి కారుతోంది. "నేను బతికే ఉండాను. నా సెయ్యి ఇంత మాత్రమే వచ్చినాది. ఇది మీకు తెలియల్ల. బాగుండే సెయ్యి మాదిరి ఆడించి కట్టగలను, మీరు నమ్ముతారు కూడా. ఇది దేవుడి దారం. ఆడించి కట్టను. ఉండే సేత్తోనే కడతా, కొంచెంసేపు కాసుకోండి."

కాసుకున్నారు. ఊరికి ఊరు నిలబడి ఒక మనిషి రెండు వేళ్ళను చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో నాకు తెలీదు. నీడలు పొడుగయ్యాయి. చూపుడువేలు, బొటనవేలు దారం కొసను పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని లాగాయి. ఎడంచెయ్యి రెండో కొసను లాగింది. ముడి పడింది. వదులు ముడి, వంకర ముడి. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్ల అట్లాంటిది వేస్తే విప్పి మళ్ళీ వెయ్యమనేదాన్ని. బాలచంద్ర ఆ చేతిని గుండెకు ఆనించుకుని మామ కాళ్ళకు మొక్కాడు. మద్దెల ఒక్కసారిగా మోగింది. పూజారి ఖాళీ పళ్ళెం తీసుకుని గుళ్ళోకి పోయాడు.

బాలచంద్ర ఎక్కడం మొదలుపెట్టాడు. మెట్టుకో పద్యం. మామను పట్టుకుని జనంలోకి తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టాను. బాలచంద్ర పైకి పోయేకొద్దీ చిన్నగా అయిపోయాడు. ఎర్రటి వెలుగులో కాషాయం నిప్పులా కనబడింది. గొంతు మాత్రం దగ్గరగానే వినిపిస్తోంది. కింద ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని తలలెత్తి ఉన్నారు. కొసకు చేరి వాడు చేతులు విప్పాడు. నిమ్మకాయలు పచ్చగా, పూలు తెల్లగా, విభూతి పొగలాగా గాల్లో తేలుతూ మా మీదికి దిగాయి. అందరూ ఒక్కసారి అరిచారు.

మామ అరవలేదు. నోరు కొంచెం తెరుచుకుని పైకి చూస్తూ ఉన్నాడు. బుగ్గల మీద విభూతి పడి చెమటతో కలిసి కారుతోంది.

"కోమలీ, మీరు ఏటేటా సూసింది ఇదా?" అన్నాడు.

"ఇదే మామా."

"ఎంత బాగుండాది! నాకెవురూ సెప్పలేదే."

ఎవరు చెబుతారు? అంతమంది కొంగులు పట్టుకుని, బిడ్డల్ని ఎత్తుకుని, చేతులు జోడించి ఏడాదేడాదీ పైకి చూస్తూ ఉంటే, ఆయన ఆ కొసన నిలబడి పద్యం పాడుకుంటూ ఉండేవాడు. ఆ సాయంత్రం దాకా మా ఊళ్ళో అర్జునుడి తపస్సు చూడని మనిషి ఆయనొక్కడే.